విల్లో పళ్లెం మరమ్మతు డైరీ: నీలం కన్నా ముందు మట్టి

ఇంగ్లండులో మట్టిపాత్రల తయారీకి పేరుపడ్డ స్టోక్-ఆన్-ట్రెంట్‌లో, మా ఇంటి వెనక గదిలో రెండున్నర నెలలు సాగిన పని ఇది. విరిగి, ఎప్పుడో రెండుసార్లు అతికించబడి, గోధుమరంగు మరకలు పట్టిన విల్లో బొమ్మ (చీనా పద్ధతిలో విల్లో చెట్టు, వంతెన ఉండే నకాషీ) ఉన్న ఒక పాత నీలం తెలుపు పళ్లాన్ని విడదీసి, శుభ్రం చేసి, ఆరబెట్టి, మళ్లీ అతికించాను. అలాంటిది మీ చేతికి వస్తే కొలతలు పనికొస్తాయని అన్నీ రాస్తున్నాను. నేను చేసిన పెద్ద తప్పులు మూడు. మూడూ నీళ్ల దగ్గరే జరిగాయి. వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

దశ 0: చేతికొచ్చినప్పటి స్థితి

పాత సామాన్ల సంతలో 18 పౌండ్లకు కొన్నాను. మాంసం వడ్డించడానికి వాడిన పెద్ద పళ్లెం. నాలుగు మూలలూ కోసినట్టున్న దీర్ఘచతురస్రం.

- పొడవు 42.5 సెం.మీ., వెడల్పు 33 సెం.మీ., మధ్యలో మందం 6 మి.మీ.
- ముక్కలు 5. వాటికి అ, ఆ, ఇ, ఈ, ఉ అని పేర్లు పెట్టాను. అన్నిటికన్నా పెద్దది అ.
- అ, ఆ ముక్కలను పట్టుకుని వెనకవైపు రెండు ఇనుప రివెట్లు.
- అంచులో 23 × 9 మి.మీ. ముక్క లేనే లేదు.
- రివెట్లు, పాత జిగురు అన్నిటితో కలిపి తూకం 1,874 గ్రాములు.

ఈ చివరి అంకెను పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. తర్వాత నన్ను తప్పుదారి పట్టించింది ఇదే.

దశ 1: పళ్లాన్ని చదవడం

తెల్లగా మెరిసే ప్రతి పాత్రనూ మనం పింగాణీ అనేస్తాం. ఆవకాయ జాడీ, టీ కప్పు, ఈ పళ్లెం ఒకటి కావు. జాడీ మట్టి ఎక్కువ వేడిలో కాలి రాయిలా బిగుసుకుంటుంది. ఉప్పూ నూనే నెలల తరబడి నిలవున్నా లోపలికి దిగవు. ఈ పళ్లెం మట్టి అంతగా బిగుసుకోదు. పైన గాజులాంటి గ్లేజు ఉంది కాబట్టి తెలియదు గానీ, లోపల ఇది మన మంచినీళ్ల కుండకు చుట్టమే. గ్లేజు ఎక్కడ పగిలినా అక్కడినుంచి నీళ్లు, కొవ్వు, తుప్పు అన్నీ తాగుతుంది.

నీలం సంగతి వేరు. అది గ్లేజు కింద ఉంది. లివర్‌పూల్‌లో జాన్ శాడ్లర్, గై గ్రీన్ 1756లో ఆరు గంటల్లో 1,200 పలకల మీద బొమ్మలు అచ్చు వేసి చూపించారు. కానీ అప్పటి ముద్ర గ్లేజు మీద ఉండేది, వాడుతుంటే అరిగిపోయేది. ఇదే ఊళ్లో మొదటి జొసాయా స్పోడ్ 1784లో గ్లేజు కింద నీలం ముద్రించే పద్ధతిని మట్టిపాత్రల మీద నిలదొక్కుకునేలా చేశాడు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ నీలం పళ్లేలతో నిండిపోయాయి.

పద్ధతి ఇదీ. బొమ్మ చెక్కిన రాగి పలకను వేడిచేసి, నీలం రంగునిచ్చే కోబాల్ట్ కలిపిన చిక్కటి నూనె రంగును గీతల్లోకి దట్టిస్తారు. పైన మిగిలినది తుడిచేసి, సబ్బునీళ్లతో తడిపిన పల్చటి టిష్యూ కాగితం మీదికి అచ్చు తీస్తారు. కాగితాన్ని బొమ్మ చుట్టూ కత్తిరించి, ఒకసారి కాల్చిన పళ్లెం మీద పరిచి, గట్టి కుంచెతో రుద్దుతారు. తర్వాత నీళ్లలో ముంచి కాగితం తీసేస్తారు. మట్టి పీల్చుకున్న రంగు అక్కడే ఉండిపోతుంది. నూనె పోవడానికి తక్కువ వేడిలో ఒకసారి కాల్చి, గ్లేజులో ముంచి మళ్లీ కాలుస్తారు. కాగితం కోయడం, పరచడం ఎక్కువగా ఆడవాళ్లూ ఆడపిల్లలూ చేసిన పని. బర్స్‌లెంలోని మిడిల్‌పోర్ట్ కుండల కార్ఖానాలో ఈనాటికీ టిష్యూ కాగితంతోనే అచ్చు దింపుతున్నారు. పని మొదలుపెట్టే ముందు అక్కడికి వెళ్లి చూసి వచ్చాను, మీకు వీలైతే మీరూ చూడండి. ఆ తడి కాగితం ఎంత పల్చగా ఉంటుందో చూశాకే నా పళ్లెం మీది గుర్తులు అర్థమయ్యాయి.

భూతద్దంతో రెండు గుర్తులు కనిపించాయి. అంచు నకాషీ ఒకే కాగితపు పట్టీగా చుట్టూ తిరిగి, ఎడమవైపు పైమూలలో తన రెండో కొసను కలుసుకుంటుంది. అక్కడ జాలీ గళ్లు సగంలో తెగి, సగం గడి మీద ఇంకో సగం గడి ఎక్కింది. రెండోది వంతెన మీద. విల్లో బొమ్మలో వంతెన దాటే మనుషులు ముగ్గురు. రెండో మనిషికీ మూడో మనిషికీ మధ్య నిలువుగా 31 మి.మీ. పొడవున వెంట్రుకంత తెల్ల గీత ఉంది. మొదట పగులు అనుకున్నాను. గోరు పెట్టి గీస్తే ఎక్కడా తగలలేదు. అది పరిచేటప్పుడు కాగితం మడతపడ్డ చోటు. ఆ మడత లోపల రంగు మట్టిని తాకలేదు.

కాలం అంచనాకు మూడు ఆధారాలు:

1. గ్లేజు మూలల్లో చేరిన చోట లేత నీలం ఛాయ. 18వ శతాబ్ది చివర్లోనూ 19వ శతాబ్ది తొలి దశకాల్లోనూ తెల్లదనం కోసం గ్లేజులో కొద్దిగా కోబాల్ట్ కలిపేవారు.
2. వెనక అంచు కింద మూడేసి చుక్కల ముల్లు గుర్తులు. బట్టీలో పళ్లేలు ఒకదానికొకటి అంటుకోకుండా పెట్టిన ఆనుల గుర్తులివి.
3. ‘ఇంగ్లండ్’ అనే మాట లేదు. 1891 నుంచి అమెరికాకు వెళ్లే సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయింది. ఆ మాట లేనంత మాత్రాన పాతదని తేలదు. మిగతా రెండింటితో కలిపి చూస్తే బలం వస్తుంది.

తయారీదారు ముద్ర లేదు. విల్లో బొమ్మను పదుల కొద్దీ కార్ఖానాలు వేశాయి కనుక పేరు ఊహించే పని పెట్టుకోలేదు.

చివరగా 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి. చీకట్లో ఒక అతుకు నారింజరంగులో వెలిగింది: లక్క. ఇంకొకటి పాలనీలంగా వెలిగింది: జంతువుల ఎముకల, చర్మాల నుంచి తీసే జిగురు, మన వడ్రంగులు వజ్రం అనే లాంటిది. అంటే మరమ్మతు రెండుసార్లు జరిగింది.

ఇప్పటికి ఖర్చు: 29 పౌండ్లు (పళ్లెం 18, టార్చి 11). పని: 3 గంటలు.

దశ 2: విడదీయడం, మొదటి తప్పు

మన వీధుల్లో గిన్నెలకు మాట్లు వేసేవాళ్లు తిరిగినట్టే ఇంగ్లండులోనూ విరిగిన పింగాణీకి కమ్మీ కుట్లు వేసేవాళ్లు తిరిగేవారు. నా పళ్లెం వెనకున్న రెండు రివెట్లు అలాంటి చేతిపనే. ఒక్కొక్కటి 19 మి.మీ. పొడవు. కాళ్లు దిగిన రంధ్రాల చుట్టూ ప్లాస్టర్ పూశారు.

ఆ ప్లాస్టర్ నానితే కాళ్లు సులువుగా ఊడతాయనీ, జంతు జిగురు కూడా అదే నీళ్లలో వదులవుతుందనీ లెక్క వేశాను. గోరువెచ్చని నీళ్లలో (40 డిగ్రీలు) పళ్లెం మొత్తాన్ని రాత్రంతా, 14 గంటలు, ముంచి ఉంచాను. జిగురు వదిలింది. కానీ ఇనుము నీళ్లలో ఉందన్న సంగతి ఆలోచించలేదు. ముంచకముందు రివెట్టు కాలి చుట్టూ తుప్పు మరక వెడల్పు 3 మి.మీ. తెల్లారి 7 మి.మీ. తడి మట్టి గుండా తుప్పు నడిచి వెళ్లింది. ముందువైపు గ్లేజు కింద, విల్లో కొమ్మల పక్కన, ఇంతకుముందు లేని పసుపు నీడ పడింది.

మీరు చేయాల్సిన క్రమం:

1. పళ్లెం పొడిగా ఉండగానే రివెట్టు తీయండి.
2. చుట్టూ గ్లేజు మీద రెండు పొరల టేపు అంటించండి.
3. రివెట్టు నడుమును సన్న ఆకురాయితో అరగదీసి రెండుగా కోయండి. పళ్లెం కింద మడిచిన తువ్వాలు ఉండాలి.
4. రంధ్రం చుట్టూ ప్లాస్టర్‌ను సూదితో గీకి తీయండి.
5. ఒక్కో కాలినీ అది వంగి ఉన్న దిశలోనే చిన్న పట్టుకారుతో లాగండి. నిలువుగా లాగితే అంచు పెచ్చు లేస్తుంది.

కాళ్లు బయటికి వచ్చాక రంధ్రాల లోతు కొలిచాను: 3 మి.మీ. పళ్లెం మందంలో సరిగ్గా సగం. నాలుగు రంధ్రాల్లో ఒక్కటి కూడా అటువైపు నీలం దాకా వెళ్లలేదు. చేతి బరమాతో, వెనకనుంచి, బొమ్మ కనపడకుండా చేసిన పని అది. కాళ్లు కొద్దిగా లోపలికి వాలి ఉన్నాయి. కమ్మీని వేడిచేసి దిగేస్తే చల్లారాక ముడుచుకుని రెండు ముక్కలనూ దగ్గరికి లాగుతుంది. అసలు బిగువు అంతా ఆ వాలులోనే ఉంది, జిగురుతో దానికి పని లేదు. ఆ చేయి ఎవరిదో గానీ నాకు చాలా గౌరవం కలిగింది.

లక్క అతుకుకు మిథైలేటెడ్ స్పిరిట్‌తో తడిపిన దూది పట్టీ వేసి, పైన ప్లాస్టిక్ పొర చుట్టి నాలుగు గంటలు ఉంచాను. రెండు విడతల్లో వదిలింది. అంచుల్లో మిగిలిన లక్కను టూత్‌బ్రష్‌తో, అదే స్పిరిట్‌తో తీశాను. కత్తితో గీకకండి. విరిగిన అంచు నుంచి రేణువు పోయినా మళ్లీ అతుకు కుదరదు.

ఇప్పటికి ఖర్చు: 42 పౌండ్లు (స్పిరిట్ 6, ఆకురాళ్లు 7 కలిపి). పని: 12 గంటలు.

దశ 3: తుప్పు, కొవ్వు మరకలు, రెండో తప్పు

తుప్పు ముందు, కొవ్వు మరక తర్వాత. ఈ వరుస తిరగేయకూడదు. కొవ్వు మరకకు వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు ఇనుము తగిలితే అది బుసబుసా పొంగి వృథా అవుతుంది, తుప్పు మరక మరింత స్థిరపడుతుంది.

తుప్పుకు సిట్రిక్ ఆమ్లాన్ని అమోనియాతో తటస్థం చేసి 5 శాతం ద్రావణం చేసుకున్నాను. పీహెచ్ కాగితం 7 చూపించాలి. దాన్ని దూదికి పట్టించి, మరక మీద పట్టు వేశాను. ఒక్కో పట్టు నాలుగు గంటలు, మొత్తం ఆరు పట్లు. నాలుగు గంటలు దాటనివ్వలేదు. సీసం కలిసిన పాత గ్లేజు మీద ఈ సిట్రేట్ ద్రావణం ఎక్కువసేపు ఉంటే మెరుపు తగ్గే ప్రమాదం ఉంది. ముందు వెనకవైపు ఒక మూల పరీక్షించాకే బొమ్మవైపు వేశాను. మరక 7 మి.మీ. నుంచి 4 మి.మీ.కు తగ్గింది. ముందువైపు పసుపు నీడ చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు. నేను తెచ్చిపెట్టిన మరక అది.

ఇక కొవ్వు మరకలు. ఇది వేడి మాంసం వడ్డించిన పళ్లెం. గ్లేజు నెర్రెల గుండా దిగిన కొవ్వు ఏళ్ల తరబడి ముదిరి తేనెరంగుకు వచ్చింది. చేసిన పని:

1. ముక్కలను డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లలో ఒక రోజు నానబెట్టాను. మట్టి ముందే నీళ్లతో నిండి ఉంటే మరక లోతుకు పోదు.
2. 6 శాతం పెరాక్సైడ్‌లో రెండు చుక్కల అమోనియా. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, కిటికీ తెరిచి.
3. దూదిని పల్చటి పొరలుగా తడిపి మరక మీద పరిచి, ప్లాస్టిక్ పొరతో మూశాను.
4. పన్నెండు గంటలకోసారి దూది మార్చాను.

మూడో రాత్రి ఇ ముక్క మీద ప్లాస్టిక్ పొర ఒకవైపు లేచిపోయింది. నేను చూసుకోలేదు. దూది ఆ వైపు ఎండింది. ఎండుతున్న చోటికి మట్టిలోని నీరంతా మరకను మోసుకుంటూ వెళ్లి అక్కడే దింపింది. తెల్లారేసరికి ఒక అంచు వెంట 38 మి.మీ. పొడవున ముదురు గోధుమ గీత, చెరువు ఎండాక గట్టు మీద మిగిలే చారలా. ఆ ఒక్క గీత పోవడానికి ఇంకో ఐదు రోజులు, తొమ్మిది పట్లు పట్టాయి. అప్పటినుంచి పొర అంచులను టేపుతో మూసి, పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి చూడటం నియమం చేసుకున్నాను.

ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. పోయిన ఏడాది ఒక సాసరును అలాగే పోగొట్టుకున్నాను. బ్లీచ్ చేసిన రోజున పాలలా తెల్లబడింది. ఆరు వారాలకు గ్లేజు పొలుసులుగా లేచింది. మట్టిలో మిగిలిన ఉప్పు గడ్డకట్టి లోపలినుంచి గ్లేజును తోసేసింది. గ్లేజుతో పాటు దానికి అంటుకున్న నీలం కూడా ఊడి వచ్చింది.

ఇప్పటికి ఖర్చు: 62 పౌండ్లు. పని: 26 గంటలు.

దశ 4: ఉప్పు తీయడం

సాసరు నేర్పిన పాఠం వల్ల ఈసారి కంటితో కాకుండా మీటరుతో చూశాను. నీళ్లలో కరిగిన లవణం పెరిగితే విద్యుత్తును మోసే శక్తి పెరుగుతుంది. దాన్ని కొలిచే చిన్న మీటరు 14 పౌండ్లు. ముక్కలన్నీ ప్లాస్టిక్ తొట్టెలో, రోజుకు 5 లీటర్ల తాజా డీఅయనైజ్డ్ నీళ్లు. పారబోసే ముందు కొలత (మైక్రోసీమెన్స్‌లో, తాజా నీళ్లు 2):

- 1వ రోజు: 186
- 2వ రోజు: 97
- 3వ రోజు: 61
- 4వ రోజు: 40
- 5వ రోజు: 27
- 6వ రోజు: 19
- 7వ రోజు: 13
- 8వ రోజు: 12
- 9వ రోజు: 12

వరుసగా మూడు రోజులు దాదాపు ఒకే అంకె వచ్చాక ఆపాను. మొదటి రోజు 186లో ఎక్కువ భాగం నేను వేసిన సిట్రేట్‌దే అయివుంటుంది. అందుకే ఈ దశ మరకల తర్వాతే రావాలి. కుళాయి నీళ్లతో ఈ పని జరగదు. మా కుళాయి నీళ్లే మొదటి రోజు కొలత కన్నా ఎక్కువ చూపించాయి.

ఇప్పటికి ఖర్చు: 103 పౌండ్లు (మీటరు 14, నీళ్లు 27 కలిపి). నీళ్లు: 45 లీటర్లు. పని: 32 గంటలు.

దశ 5: ఆరబెట్టడం, మూడో తప్పు

తొట్టెలోంచి తీసి, పైన తుడిచి, ఐదు ముక్కలూ కలిపి తూచాను: 2,064 గ్రాములు. వైరు జాలీ మీద, గాలి తగిలే చోట, రేడియేటరుకు దూరంగా ఉంచాను.

- 1వ రోజు: 2,011
- 3వ రోజు: 1,943
- 6వ రోజు: 1,891
- 9వ రోజు: 1,873

కొన్నప్పుడు పళ్లెం తూకం 1,874. ఇప్పుడు 1,873. ఆరిపోయిందని నిర్ణయించుకున్నాను. ఆ సాయంత్రమే అతికించడం మొదలుపెట్టాను.

వాడిన జిగురు పారలాయిడ్ బి-72. మ్యూజియాల్లో మట్టిపాత్రలకు వాడే యాక్రిలిక్ రెసిన్, ఎసిటోన్‌లో కరుగుతుంది. ఎప్పుడు కావాలన్నా మళ్లీ ఎసిటోన్‌తో విప్పుకోవచ్చు. అ, ఆ ముక్కలు కలిపి ఇసుక తొట్టెలో నిలబెట్టాను. ఉదయం చూస్తే అతుకు పొడవునా తెల్లని పాలగీత. చేత్తో తాకితే ఆ ముక్క కదిలింది.

కారణం పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. 1,874 అనేది రివెట్లు, ప్లాస్టర్, రెండు తరాల జిగురు, ఏళ్లనాటి జిడ్డు అన్నీ కలిసిన తూకం. అవన్నీ పోయాయి. కాబట్టి పొడి పళ్లెం తూకం 1,874 కన్నా తక్కువ ఉండి తీరాలి. నేను చూసిన 1,873లో ఇంకా నీళ్లున్నాయి. ఆ తేమ జిగురులోకి దిగి దాన్ని తెల్లగా, బోలుగా మార్చింది. ఎసిటోన్ ఆవిరయ్యేటప్పుడు అతుకు చల్లబడి గాలిలోని తేమను కూడా లాగుతుంది. ఆ రెండూ కలిశాయి.

అతుకు విప్పి, అంచులు ఎసిటోన్‌తో కడిగి, మళ్లీ జాలీ మీద పెట్టాను.

- 14వ రోజు: 1,862
- 17వ రోజు: 1,859
- 18, 19, 20 రోజులు: 1,858

మూడు రోజులు అంకె కదలలేదు. అసలు పొడి తూకం 1,858. అంటే తడిసినప్పుడు ఈ పళ్లెం 206 గ్రాముల నీళ్లు తాగింది, తన బరువులో 11 శాతం. నేను అతికించిన రోజున లోపల ఇంకా 15 గ్రాములు ఉన్నాయి. ఓ టేబుల్ స్పూను నీళ్లు.

ఇంత నెమ్మది ఎందుకంటే, రెండు పక్కలా గ్లేజు ఉంది. నీరు బయటికి రావడానికి ఉన్న దారులు విరిగిన అంచులు, నెర్రెలు, రివెట్టు రంధ్రాలు మాత్రమే. తొందరపడి వేడి పెడితే ఆవిరి గ్లేజును తోస్తుంది. దీనికి అడ్డదారి లేదు. పాత తూకాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. రోజూ ఒకే వేళకు తూచండి. మూడు రోజులు తేడా రాకపోతేనే ఆరినట్టు.

దశ 6: అతికించడం

1. జిగురు లేకుండా టేపుతో మొత్తం ఒకసారి కూర్చి చూడండి. నా పళ్లెంలో ‘ఈ’ ముక్కను ముందు పెడితే ‘ఇ’ ముక్క లోపలికి దూరదు. సరైన వరుస: అ+ఆ, తర్వాత ఇ, తర్వాత ఈ, చివర ఉ.
2. అంచులకు 5 శాతం బి-72 ఒక పూత వేసి ఒక రోజు ఆరనివ్వండి. లేకపోతే మట్టి జిగురును తాగేసి అతుకు ఎండిపోతుంది.
3. ఒక అంచుకే, మధ్యలో సన్నటి గీతగా జిగురు. నొక్కినప్పుడు పైకి చిన్న చిన్న పూసలుగా రావాలి, ధారగా కాదు.
4. ముక్క బరువు అతుకు మీదికే దిగేలా ఇసుకలో నిలబెట్టండి. ఇసుక మీద పాత నూలు గుడ్డ పరచండి.
5. గోరును అతుకుకు అడ్డంగా రెండు దిశల్లో గీయండి. ఎటువైపు గోరు తట్టుకున్నా సరిగా లేనట్టే.

మొదటి విడతలో నాలుగో అతుకు దగ్గర 0.4 మి.మీ. సందు మిగిలింది. ముందు అతుకుల్లో జిగురు కొంచెం మందంగా ఉండిపోయి, ఆ తేడా అంతా కలిసి ఉ దగ్గర బయటపడింది. బి-72 మంచితనం ఇక్కడే తెలిసింది. ఇ అతుకు మీద ఎసిటోన్ దూది ఉంచి, మెత్తబడ్డాక నొక్కి సరిచేశాను. సందు 0.1కు తగ్గింది. గట్టిపడ్డాక సులువుగా విప్పలేని ఎపాక్సీ జిగురు అయితే ఆ రాత్రి అక్కడే ఆగిపోయేవాణ్ణి.

ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఈ పని చేసేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. బి-72 సుమారు 40 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. ఇక్కడ నా గదిలో అది సమస్య కాదు. రెంటచింతల ఎండల్లో, మూసిన గదిలో, గోడకు తగిలించిన బరువైన పళ్లెం అతుకు మెల్లగా జారిపోతుంది. అలాంటి చోట ఇంకా ఎక్కువ వేడికి గానీ మెత్తబడని బి-44ను (సుమారు 60 డిగ్రీలు) కలిపి వాడటం వేడి దేశాల్లో మరమ్మతు చేసేవారి పద్ధతి. పళ్లాన్ని తగిలించకుండా పడుకోబెట్టి ఉంచడం ఇంకా మంచిది.

ఇప్పటికి ఖర్చు: 122 పౌండ్లు. పని: 43 గంటలు (విప్పిన అతుకు, రోజువారీ తూకాలు కలిపి).

దశ 7: అంచు పూడ్చడం

ఇక్కడ చెప్పడానికి ఎక్కువ లేదు. ఎదుటి అంచులో సరిగ్గా అలాంటి చోటునుంచి దంతవైద్యుల మైనంతో అచ్చు తీసి, లేని చోట బిగించి, ప్లాస్టర్ పోశాను. మట్టికీ ప్లాస్టర్‌కీ మధ్య ఒక బి-72 పూత. ఆరాక అరగదీసేటప్పుడు చుట్టూ టేపు అంటించండి. టేపు ఒకచోట చిరిగి, 240 నంబరు గరుకు కాగితం గ్లేజు మీద 11 మి.మీ. గీత పెట్టింది. సీసపు గ్లేజు చాలా మెత్తన. తర్వాత 600తో మొదలుపెట్టాను, నెమ్మదిగా సాగినా గీతలు పడలేదు.

ఇప్పటికి ఖర్చు: 135 పౌండ్లు. పని: 50 గంటలు.

దశ 8: నీలం

పూడ్చిన చోటు 23 మి.మీ. మాత్రమే. దానికి 19 గంటలు పట్టింది.

మొదట నేలరంగు. ఈ పళ్లెం తెలుపు తెలుపు కాదు. ట్యూబులోని తెలుపుకు బూడిద, నీలం, చిటికెడు పచ్చ కలిపితే గానీ దగ్గరికి రాలేదు. ఏడు మిశ్రమాలు గాజు పలకల మీద వేసి, పళ్లెం పక్కన పెట్టి చూశాను. ఐదోది కుదిరింది.

తర్వాత గీతలు. అల్ట్రామెరీన్ నీలంలో కొద్దిగా నలుపు కలిపి రాత్రి దీపం కింద పోల్చి చూస్తే అసలుకూ నకలుకూ తేడా లేదు. మూడు గంటలు కూర్చుని జాలీ గళ్లు గీశాను. ఉదయం కిటికీ దగ్గరికి తీసుకెళ్తే నా గీతలు వంకాయ రంగులో ఉన్నాయి. పాత నీలం కోబాల్ట్ గాజు. నా రంగు వేరే పదార్థం. ఒక వెలుతురులో కలిసినంత మాత్రాన ఇంకో వెలుతురులో కలుస్తాయని లేదు. అంతా తుడిచేశాను. కింద బి-72 పూత ఉంది కాబట్టి స్పిరిట్ దూదితో నేలరంగు చెడకుండా వచ్చింది. రెండోసారి కోబాల్ట్ నీలం వర్ణకాన్నే మూలంగా తీసుకుని, ఉత్తరం కిటికీ దగ్గర పగటిపూట కలిపి, రాత్రి దీపం కింద మళ్లీ పరీక్షించాను. రెండు చోట్లా ఒప్పుకుంది.

రంగు కుదిరినా గీతలు అతికించినట్టు కనిపించాయి. పది రెట్ల భూతద్దంతో అసలు గీతను చాలాసేపు చూశాను. ఒక్కో గీత నడుమ ముదురు, రెండు పక్కలా పల్చటి నీలి పొగ. గ్లేజు కరిగినప్పుడు కోబాల్ట్ కొద్దిగా అందులోకి పాకింది. రాగి మీద ఉలి గీసిన పదును బట్టీలో కొంచెం మెత్తబడింది. నా గీతలకు ఆ పొగ లేదు. ముందు చాలా నీళ్లు కలిపిన నీలంతో వెడల్పు గీత, అది ఆరాక దాని నడుమ సన్నగీత, పైన రెండు పూతల వార్నిష్ వేశాను. అప్పుడు నీలం లోపలికి వెళ్లింది.

పూడ్చిన ముక్క వెనకవైపు రంగు వేయలేదు. తిప్పి చూసినవాళ్లకు అది కొత్తదని తెలియాలి.

ఇప్పటికి ఖర్చు: 165 పౌండ్లు (రంగులు 22, వార్నిష్ 8 కలిపి). పని: 69 గంటలు.

దశ 9: ముట్టుకోకుండా వదిలినవి

రివెట్టు రంధ్రాలు నాలుగూ తెరిచే ఉంచాను. తుప్పు నీడ మిగిలినంత మేర మిగిలింది. దాన్ని రంగుతో కప్పలేదు.

వంతెన మీది తెల్ల గీత దగ్గర మాత్రం కుంచె చేతిలో పట్టుకుని ఆగిపోయాను. కోబాల్ట్ కలిపి ఉంది, చేయి కుదిరి ఉంది, పది నిమిషాల పని. కానీ అది పగులు కాదు. పళ్లెం విరగకముందే, బట్టీకి వెళ్లకముందే ఉన్నది. తడి కాగితాన్ని పరిచిన చేతి కింద పడ్డ మడత అది. కుంచె కడిగేశాను.

ఈ పళ్లెంలో భోజనం పెట్టరు. సీసపు గ్లేజు నెర్రెలిచ్చింది, అతుకు వేడికి ఆగదు. వెనకవైపు ఒక మూలన బి-72 పట్టీ పూసి, దాని మీద సన్న నిబ్బుతో రాశాను, ఇంగ్లీషులో ఒక వరుస, కింద తెలుగులో ఒక వరుస: ‘ముక్కలు 5. అతుకులు బి-72, ఎసిటోన్‌తో విప్పవచ్చు. పొడి తూకం 1,858 గ్రా. (రివెట్లు, పాత జిగురు తీసేశాక).’